ఆన్‌లైన్ ఆటలు – తీరిక తక్కువ ఉన్నవారు ఎలా ఆడాలి?



ఓ.పి.కి వచ్చే తల్లిదండ్రులు ఈ రోజుల్లో జ్వరం, దగ్గుతోపాటు "మావాడు ఫోన్‌లో ఆట వదలడం లేదమ్మా" అని కూడా చెబుతున్నారు. ఇంకొక రకం వారు ఇలా బయటకు చెప్పరు. వీరు పాతికేళ్ళు, ముప్పై ఏళ్ళు దాటినవారు. ఉద్యోగం ఉంది, పెళ్ళయింది, పిల్లలున్నారు. పగలంతా కష్టపడి రాత్రి పదకొండుకు ఫోన్ పట్టుకుని కాసేపు ఆడుకుంటారు. ఆ కాసేపు ఒంటిగంట అవుతుంది, రెండు అవుతుంది. తెల్లవారి లేస్తే తలనొప్పి, కళ్ళ మంట, చిరాకు. తాము చేస్తున్నది తప్పా, ఒప్పా అని వారిలో వారే మథనపడుతుంటారు. ఈ వ్యాసం ముఖ్యంగా వారి కోసం, వారి ఇంట్లోవారి కోసం.

ఏమిటీ ఆటలు?

ఫోన్‌లో ఆడే ఆటలన్నీ ఒకటి కావు. రంగు గోళీలు కలిపే ఆట ఐదు నిమిషాల్లో అయిపోతుంది. మనం ఇక్కడ చెప్పుకునేవి వేరు. ఇంటర్నెట్ ద్వారా వేలమంది ఒకేసారి ఒకే ఊహాలోకంలోకి ప్రవేశించి ఆడే ఆటలివి. ప్రతి ఒక్కరికీ ఒక పాత్ర ఉంటుంది. ఒకరు యోధుడు, ఒకరు విలుకాడు, ఒకరు గాయాలు మాన్పే వైద్యుడు. చెప్పిన పనులు చేస్తూ పోతే పాత్రకు అనుభవం పెరుగుతుంది, లెవెల్ పెరుగుతుంది, మంచి ఆయుధాలు దొరుకుతాయి. కొన్ని పనులు ఒంటరిగా చేయలేరు. ఐదుగురు, పదిమంది, కొన్నిచోట్ల నలభై మంది కలిసి చేయాలి. అందుకోసం జట్లు కడతారు. ఆ జట్టును గిల్డ్ అంటారు.

1997లో అల్టిమా ఆన్‌లైన్, 1999లో ఎవర్‌క్వెస్ట్, 2001లో రూన్‌స్కేప్, 2004 నవంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చాయి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌కు 2010లో ప్రపంచమంతటా కోటీ ఇరవై లక్షల మంది చందాదారులుండేవారు. అప్పట్లో వీటికి కంప్యూటరు కావాలి. ఇప్పుడు ఈ రకం ఆటలు చాలా వరకు ఫోన్‌లోనే ఆడవచ్చు.

ఆట మనకు కొత్త కాదు

ఆట అనగానే చెడిపోవడం అనుకోనవసరం లేదు. మన వైపు పాత మండపాల రాతి గచ్చు మీద పులి–మేక గళ్ళు చెక్కి ఉండటం చాలాచోట్ల చూస్తాం. వామనగుంటలు, అష్టాచెమ్మా ఆడని ఇల్లు ఒకప్పుడు లేదు. తిరుమలలో హథీరాంజీ మఠం చూసినవారికి ఆ మఠం కథ తెలిసే ఉంటుంది. హథీరాం బావాజీతో పాచికలాడటానికి స్వామి రాత్రిపూట వచ్చేవారని, ఒక రాత్రి తన హారం అక్కడే మరచిపోయి వెళ్ళారని, అందువల్ల బావాజీ మీద దొంగతనం నింద పడిందని ఆ కథ. ఏ మతం వారమైనా అందులో మనకు తెలిసిన విషయాలు రెండున్నాయి. మొదటిది, ఆటలో స్నేహం ఉంది. రెండవది, రాత్రిపూట సాగే ఆటలో ఏదో ఒకటి మరచిపోవడం మామూలే.

ఈ కాలంలో మనం మరచిపోయేది హారం కాదు, నిద్ర.

పాత ఆటలకు ఒక ముగింపు ఉండేది. మేకలు అయిపోతే ఆట అయిపోయినట్టే. చీకటి పడితే కబడ్డీ ఆగేది. 2000 తరువాత తిరుపతి, చిత్తూరు, మదనపల్లెలలో వెలసిన నెట్ సెంటర్లలో కూడా గంటకు ఇంత అని డబ్బు కట్టాలి, జేబు ఖాళీ అయితే లేవాలి, రాత్రి అయితే షట్టరు దించేస్తారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఇంటర్నెట్ బాగా చవకయింది. ఇప్పుడు జేబు ఖాళీ కాదు, షట్టరు దిగదు. పైగా ఈ ఆటలకు చివర అంటూ లేదు. ఒక లెవెల్ తరువాత ఇంకొకటి. మనం ఫోన్ కట్టేసిన తరువాత కూడా ఆ లోకం నడుస్తూనే ఉంటుంది, మిగతావారు ఆడుతూనే ఉంటారు.

ఈ వ్యాసంలో గుర్తుపెట్టుకోవలసిన మాట ఒక్కటే. ఈ ఆటకు ఆపే గంట లేదు, ఆ గంట మనమే కొట్టుకోవాలి.

ఆపడం ఎందుకు కష్టం?

బలహీనత వల్లనే ఆపలేకపోతున్నామని చాలామంది తమను తాము నిందించుకుంటారు. నిజానికి ఆట తయారు చేసినవారు కొన్ని ఏర్పాట్లు చేసి ఉంచారు. అవి తెలిస్తే ఆపడం సులువవుతుంది.

రోజూ లాగిన్ అయితే బహుమతి. ఏడు రోజులు వరుసగా వస్తే పెద్ద బహుమతి. ఒక రోజు మానితే మళ్ళీ మొదటి నుండి. దీనివల్ల జ్వరంతో ఉన్నవారు కూడా ఫోన్ తెరుస్తారు.

ఏ పెట్టెలో ఏముందో ముందుగా తెలియదు. పదిసార్లు ఏమీ రాదు, పదకొండోసారి మంచి కత్తి వస్తుంది. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి కోసం మనసు మరింతగా ఎదురు చూస్తుంది.

మూడవది, అన్నిటికంటే బలమైనది – మనుషులు. "అన్నా, నువ్వు లేకపోతే మేం గెలవలేం" అని జట్టువారు పిలుస్తారు. పిలిచేది యంత్రం కాదు, మనిషి. అందువల్ల కాదనడం కష్టం. ఈ స్నేహాన్ని తక్కువ చేయకూడదు. చదువులు ముగించుకుని ఒకరు తిరుపతిలో, ఒకరు బెంగళూరులో, ఒకరు అమెరికాలో డాలస్‌లో స్థిరపడిన స్నేహితులకు వారానికి ఒకసారి కలుసుకునే చోటు ఇలాంటి ఆటే కావచ్చు. అది మంచిదే. ఎన్ని గంటలకు కలవాలో ముందే అనుకుంటే చాలు.

మీ గంట ఎక్కడ ఉంది?

పెన్సిలు తీసుకుని ఒక కాగితం మీద మీ రోజును రాయండి. మామూలు పగటి ఉద్యోగికి ఇలా ఉంటుంది. పని 8 గంటలు, తయారవడం, రాకపోకలు 2 గంటలు, వంట, తిండి, ఇంటి పనులు 3 గంటలు, నిద్ర 8 గంటలు, నడక అర గంట, పిల్లలతో, ఇంటివారితో కనీసం 1 గంట. మొత్తం ఇరవై రెండున్నర. మిగిలింది గంటన్నర. అందులో ఒక గంట ఆటకు ఇవ్వవచ్చు. అది మీ సొంత గంట, దానికి సిగ్గుపడనవసరం లేదు.

ఇప్పుడు రాత్రి 8 నుండి ఉదయం 8 వరకు డ్యూటీ చేసే సిస్టరు రోజు చూడండి. డ్యూటీ 12 గంటలు, రాకపోకలు గంటన్నర, నిద్ర ఏడున్నర గంటలు, స్నానం, తిండి, పిల్లల పనులు 3 గంటలు. ఇరవై నాలుగూ అయిపోయాయి. ఆ రోజు ఆటకు చోటు లేదు. ఉదయం ఇంటికి వెళ్ళి "ఒక్క అరగంట" అని ఫోన్ తెరిస్తే ఆ అరగంట నిద్రలోంచే పోతుంది. హోటళ్ళలో, లాడ్జీల్లో, సెక్యూరిటీలో రాత్రి పని చేసేవారందరికీ ఇదే లెక్క. వీరు ఆటను సెలవు రోజుకు, ఆఫ్ రోజుకు దాచుకోవాలి. పగటి డ్యూటీ వారమంతా ఒకటి, రాత్రి డ్యూటీ వారమంతా ఒకటి – ఇలా ఆటకు కూడా రెండు టైం టేబుళ్ళు ఉండాలి.

నిద్ర ఎందుకంత ముఖ్యం?

పెద్దవారికి రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలి. 13 నుండి 18 సంవత్సరాల పిల్లలకు 8 నుండి 10 గంటలు, 6 నుండి 12 సంవత్సరాల వారికి 9 నుండి 12 గంటలు కావాలి. పోరాటం ఉన్న ఆట ఆడిన వెంటనే గుండె వేగంగా కొట్టుకుంటుంది, మనసు ఉత్సాహంగా ఉంటుంది, తెర వెలుగు కూడా నిద్రను వెనక్కి నెడుతుంది. అందువల్ల పన్నెండింటికి ఆట ఆపినా నిద్ర ఒంటిగంటకు గాని పట్టదు.

నిద్ర లేమి గురించి 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక విషయం చూపించారు. వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషి చురుకుదనంతో సమానంగా తగ్గిపోతుంది. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. అంటే ఉదయం ఆరింటికి లేచి రాత్రి పదకొండు దాకా మేలుకున్నవారు చుక్క తాగకపోయినా తాగినవారితో సమానమే. అప్పటి నుండి మూడు గంటలు ఆట ఆడి, రెండు గంటలు పడుకుని, తెల్లవారుజామున బండి తీసేవారి సంగతి ఆలోచించండి.

మన ప్రాంతంలో ఇది మాటవరసకు చెప్పేది కాదు. తిరుమలకు 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండవది వేశారు. బస్సులు, జీపులు, కార్లు ఆ మలుపుల్లో ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. స్టీరింగ్ దగ్గర మూడు సెకన్ల కునుకు చాలు. అలాగే వార్డులో ఇంజెక్షన్ మోతాదు కొలిచే సిస్టరు, మందుల షాపులో చీటీ చదివే కుర్రవాడు, కరెంటు స్తంభం ఎక్కే లైన్‌మన్ – వీరి నిద్ర వీరి ఒక్కరిదే కాదు. ఆటకు ఇచ్చిన గంట తీరికలోంచి వస్తే ఎవరికీ నష్టం లేదు. నిద్రలోంచి వస్తే ఇంకొకరి ప్రాణం మీదికి రావచ్చు.

ఆట నుండే ఒక పాఠం

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఒక చక్కని ఏర్పాటు ఉంది. ఆట ఆపేటప్పుడు మన పాత్రను సత్రంలోనో, పట్టణంలోనో వదిలి వెళ్తే దానికి విశ్రాంతి దొరికినట్టు లెక్క. తిరిగి వచ్చినప్పుడు శత్రువును జయిస్తే మామూలుగా వచ్చే అనుభవానికి రెండింతలు వస్తుంది. ప్రతి 8 గంటల విశ్రాంతికి లెవెల్‌లో ఇరవయ్యో వంతు చొప్పున ఈ లాభం జమ అవుతుంది. పది రోజులు ఆడకుండా ఉంటే లెవెలున్నర దాకా పోగవుతుంది. అడవిలో వదిలేస్తే జమ చాలా నెమ్మది.

ఇది ఎలా వచ్చిందో కూడా తెలుసుకోదగ్గది. ఆటను పరీక్షించే దశలో, ఎక్కువసేపు ఆడినవారికి అనుభవం సగానికి తగ్గించారు. ఆడేవారికి కోపం వచ్చింది. అప్పుడు దాన్నే తిప్పి, విశ్రాంతి తీసుకున్నవారికి రెట్టింపు అని చెప్పారు. అందరూ సంతోషించారు. శిక్ష అంటే నచ్చనిది, బహుమతి అంటే నచ్చింది. పిల్లలను పెంచేవారు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.

ఊహాలోకంలోని బొమ్మకే సత్రం, విశ్రాంతి కావాలంటే రక్తమాంసాలున్న మనకు ఎంత కావాలి!

తీరిక తక్కువ ఉన్నవారికి సూచనలు

1. మీకు సరిపోయే ఆట ఎంచుకోండి. నెలకు చందా కట్టే ఆటలో "డబ్బు కట్టాను కదా" అని ఎక్కువ ఆడాలనిపిస్తుంది. 2012లో వచ్చిన గిల్డ్ వార్స్ 2కు నెల చందా లేదు, పై లెవెల్ 80 అలాగే ఉంచారు. ఆరు నెలలు మానేసి వచ్చినా పాత ఆయుధాలు పనికి వస్తాయి. 2003లో వచ్చిన ఈవ్ ఆన్‌లైన్‌లో మన పాత్ర నైపుణ్యాలు మనం ఆడకపోయినా గడియారం ప్రకారం పెరుగుతూ ఉంటాయి. ఇటువంటివి పని ఉన్నవారికి అనుకూలం.

2. ఒక్క ఆట చాలు. మూడు ఆటలు పెట్టుకుంటే మూడింటి రోజువారీ బహుమతులు తీసుకోవడానికే గంట అయిపోతుంది.

3. మొదలుపెట్టే ముందే "ఈ రోజు ఈ ఒక్క పని" అని అనుకోండి. ఆ పని అయితే లేవండి. లెవెల్ పెరిగిన వెంటనే ఆపడం కష్టం, ఎందుకంటే అప్పుడే కొత్తవి తెరుచుకుంటాయి.

4. ఫోన్ అలారం రెండుసార్లు పెట్టండి. ఒకటి ముగించడానికి పావుగంట ముందు, రెండవది ముగింపుకు. మొదటి అలారం తరువాత కొత్త పోరాటం మొదలుపెట్టకండి. జట్టు పోరాటం మధ్యలో లేచి వెళ్ళడం మర్యాద కాదు. అందుకే దాన్ని ఆలస్యంగా మొదలుపెట్టకూడదు.

5. పడుకునే వేళకు ఒక గంట ముందే ఆట ముగియాలి. ఫోన్ మంచం దగ్గర కాకుండా వేరే గదిలో చార్జింగ్ పెట్టండి. లేవడానికి మామూలు అలారం గడియారం కొనుక్కోండి.

6. జట్టులో చేరేముందు వారు ఏ వేళకు ఆడతారో అడగండి. యూరప్ వారి జట్టు సాయంత్రం 8 గంటలు అంటే జర్మనీలో వేసవిలో 8 గంటలు, మనకు రాత్రి 11.30. చలికాలంలో అయితే 12.30. సింగపూరు వారి జట్టులో రాత్రి 10 గంటలు అంటే మనకు 7.30. అదే ఆట, అదే ఆనందం, నిద్ర మాత్రం మిగులుతుంది. అమెరికాలోని స్నేహితులతో అయితే శనివారం మన సాయంత్రం మంచిది. మనకు రాత్రి 8 అయినప్పుడు డాలస్‌లో వేసవిలో ఉదయం తొమ్మిదిన్నర.

7. "నాకు గంటే తీరిక, పదింటికి వెళ్ళిపోతాను" అని మొదటి రోజే చెప్పండి. ఇలా చెప్పేవారిని చేర్చుకునే జట్లు ఎన్నో ఉన్నాయి. ఇల్లు, ఉద్యోగం ఉన్న పెద్దవారు కలిసి కట్టుకున్న గిల్డ్‌లు కూడా ఉన్నాయి. ఒప్పుకోని జట్టు మీకు తగినది కాదు.

8. అందరికంటే ముందుండాలనే ఆశ వదలండి. రోజంతా ఆడేవారితో గంట ఆడేవారు పోటీ పడలేరు. దారిలో కనిపించేవి చూస్తూ నెమ్మదిగా వెళ్ళినవారికి కూడా ఆటలో ఆనందం తక్కువేమీ కాదు. అలిపిరి నుండి 3,550 మెట్లు ఎక్కేవారు అందరూ ఒకే వేగంతో ఎక్కరు కదా.

9. వరుస బహుమతి తెగిపోతే పోనివ్వండి. నెలలో ఒకటి రెండు రోజులు కావాలనే మానండి. తెగిపోయినా ఏమీ కాలేదని మనసుకు ఒకసారి తెలిస్తే ఆ పట్టు సడలుతుంది.

ఒంటికి జాగ్రత్తలు

కళ్ళు: తెర చూస్తున్నప్పుడు రెప్పలు తక్కువసార్లు వేస్తాం. కళ్ళు ఎండి మండుతాయి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలో ఉన్న దేన్నయినా 20 సెకన్లు చూడండి. చీకటి గదిలో ఆడకండి.

మెడ, చేతులు: ఫోన్‌ను ఒడిలో పెట్టుకుని వంగి చూడకుండా కళ్ళ ఎత్తుకు దగ్గరగా పట్టుకోండి. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి వస్తే కొద్ది రోజులు ఆట మానండి. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

కాళ్ళు: ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉంది. రోజుకు 12 గంటలు, కొన్నిసార్లు 18 గంటల దాకా కంప్యూటరు ముందు కూర్చున్న ఒక యువకుడికి ఇలాగే గడ్డకట్టి అది ఊపిరితిత్తులకు చేరి ప్రాణాపాయం ఏర్పడిందని 2003లో న్యూజిలాండ్ వైద్యులు రాశారు. దక్షిణ కొరియాలోని డేగు నగరంలో 2005 ఆగస్టులో ఒక యువకుడు నెట్ సెంటరులో దాదాపు 50 గంటలు ఆట ఆడి కుప్పకూలి మరణించాడు. గంట ఆడేవారికి ఇంత భయం అవసరం లేదు. కాని సెలవు రోజు కూడా అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుడితే, లేదా హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి రండి.

మూత్రం ఆపుకోవద్దు: ఆట మధ్యలో లేవలేక ఆపుకుంటారు, నీళ్ళు కూడా తాగరు. ముఖ్యంగా స్త్రీలకు దీనివల్ల మూత్రంలో మంట, ఇన్ఫెక్షను వస్తాయి.

షుగరు ఉన్నవారు: వేళకు భోజనం, మాత్ర తప్పకూడదు. ఆడుతూ మిక్చరు, చిప్స్, కూల్‌డ్రింకులు తీసుకోవద్దు. ఆడుతూ తింటే ఎంత తిన్నామో తెలియదు.

మూర్ఛ ఉన్నవారు: మెరుపుల్లా వెలిగి ఆరే దృశ్యాలు కొందరిలో ఫిట్స్ తెప్పిస్తాయి. నిద్ర లేకపోవడం ఇంకా పెద్ద కారణం. మీ డాక్టరును అడగకుండా ఇటువంటి ఆటలు ఆడవద్దు.

వ్యాయామం: పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, 5 నుండి 17 సంవత్సరాల పిల్లలకు రోజుకు కనీసం 60 నిమిషాల ఆటపాటలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వేళ్ళతో ఆడేది ఈ లెక్కలోకి రాదు.

డబ్బు విషయం

పందెం కట్టే ఆటలు వేరు, ఈ ఆటలు వేరు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటివాటిని మన రాష్ట్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరులో నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసి డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. మనం చెప్పుకునే ఆటలు వినోదం కోసం ఆడేవి. అయినా వీటిలో కూడా దుస్తులు, ఆయుధాలు, అదృష్టపు పెట్టెలు అమ్ముతారు. ఒక్కసారికి 89 రూపాయలు, 159 రూపాయలు అనిపిస్తుంది, నెలాఖరున కూడితే పాల బిల్లు దాటుతుంది. నెలకు ఇంత అని నిర్ణయించుకోండి. పిల్లలు వాడే ఫోన్‌లో మీ బ్యాంకు కార్డు, యు.పి.ఐ. ఉంచవద్దు. ఆటలో పరిచయమైనవారికి ఓ.టి.పి., పాస్‌వర్డు, ఇంటి అడ్రసు, ఫొటోలు ఇవ్వవద్దని పిల్లలకు ముందే చెప్పండి.

ఇంట్లోవారికి ఒక మాట

"ఇంకా ఎంతసేపురా?" అని అరిస్తే వచ్చే జవాబు "ఐదు నిమిషాలమ్మా" అనే. ఆ ఐదు నిమిషాలు ఎప్పటికీ అవవు. బదులుగా "ఈ పోరాటం ఎన్నింటికి అయిపోతుంది నాయనా? అది కాగానే అన్నానికి రా" అని అడిగి చూడండి. జట్టు ఆటలో మధ్యలో ఆపే బటను ఉండదు, ఆ కోపం అక్కడి నుండే వస్తుంది. వేళ ముందే అనుకుంటే ఇద్దరికీ మర్యాద దక్కుతుంది.

భార్యాభర్తల మధ్య కూడా ఇదే. భర్తకు గంట ఆట ఉంటే భార్యకు కూడా తనదైన గంట ఉండాలి. ఆ గంట ఆయన పిల్లలను చూసుకోవాలి. ఆడవారు కూడా ఈ ఆటలు ఆడుతున్నారు. వంట, అంట్లు, పిల్లల హోంవర్కు అయ్యాక వారికి మిగిలేది రాత్రి పదకొండే అయితే వారి నిద్ర పోయేది ఆట వల్ల కాదు, పనులు పంచుకోనివారి వల్ల.

చట్టంతో పిల్లల ఆటను ఆపాలని కొన్ని దేశాలు చూశాయి. దక్షిణ కొరియా 2011లో అర్ధరాత్రి నుండి ఉదయం ఆరు వరకు 16 ఏళ్ళ లోపు వారు ఆడకూడదని చట్టం చేసి, 2022 నుండి దాన్ని ఎత్తివేసింది. చైనా 2021లో 18 ఏళ్ళ లోపువారికి శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో రాత్రి 8 నుండి 9 వరకు మాత్రమే అనుమతించింది. మన ఇంట్లో అంత కఠినం అవసరం లేకపోవచ్చు. ఇంటి నియమం పెద్దలకు కూడా వర్తిస్తేనే పిల్లలు వింటారు.

ఎప్పుడు జబ్బు అనుకోవాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా 11వ కూర్పులో గేమింగ్ డిజార్డర్‌ను చేర్చింది. 2019లో సభ్యదేశాలు ఆమోదించగా 2022 జనవరి 1 నుండి అది అమలులోకి వచ్చింది. దానికి మూడు గుర్తులు చెప్పారు. మొదటిది, ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతసేపు ఆడాలి, ఎప్పుడు ఆపాలి అన్నది చేతిలో లేకపోవడం. రెండవది, తిండి, చదువు, పని, మనుషులు అన్నిటికంటే ఆటే ముందు కావడం. మూడవది, నష్టం కనిపిస్తున్నా ఆపకపోవడం, ఇంకా ఎక్కువ ఆడటం. ఇవి ఇంటిని, ఉద్యోగాన్ని, చదువును బాగా దెబ్బతీస్తూ మామూలుగా 12 నెలలు ఉంటేనే జబ్బు అంటారు. తీవ్రంగా ఉంటే అంత కాలం చూడనవసరం లేదు. ఆడేవారిలో కొద్దిమందికే ఇది వస్తుంది. గంటలు లెక్కపెట్టి జబ్బు అనరు. పరీక్షలయ్యాక సెలవుల్లో రోజూ మూడు గంటలు ఆడే పిల్లవాడు రోగి కాదు.

తెలుసుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. తిరుమలలో దర్శనానికి వెళ్ళేవారు ఫోన్‌ను డిపాజిట్ చేసి వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లోకి వెళ్తారు. రద్దీ రోజుల్లో గంటలకొద్దీ ఫోన్ లేకుండా కూర్చుంటారు. పక్కవారితో మాట్లాడతారు, పిల్లలను ఆడిస్తారు, కునుకు తీస్తారు. మీరు కూడా ఇంట్లో ఒక రోజంతా ఆట యాప్ తెరవకుండా ఉండి చూడండి. గుర్తొచ్చినా ఇతర పనులు చేసుకోగలిగితే ఆట మీ చేతిలో ఉంది. చెమటలు, కోపం, నిద్రపట్టకపోవడం, ఎవరికీ తెలియకుండా ఫోన్ వెతకడం మొదలైతే సాయం కావాలి.

ఒక్కోసారి ఆట వెనుక వేరే బాధ దాగి ఉంటుంది. దిగులు, పరీక్షల భయం, అప్పు, ఇంట్లో గొడవ, ఒంటరితనం – వీటి నుండి తప్పించుకోవడానికి ఆటలోకి పారిపోతారు. అప్పుడు ఫోన్ లాక్కుంటే బాధ అలాగే ఉంటుంది, తలదాచుకునే చోటు మాత్రం పోతుంది. ముందు ఆ బాధ ఏమిటో అడగండి. చనిపోవాలనే మాట నోట వస్తే దాన్ని బెదిరింపు అనుకోకుండా ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకురండి. ఆ రాత్రి వారిని ఒంటరిగా వదలకండి.

ఎక్కడికి వెళ్ళాలి?

మొదట మీ దగ్గరి ఆసుపత్రిలో డాక్టరుతోనో, నర్సుతోనో మాట్లాడండి. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వేలూరు సి.ఎం.సి. వారి మానసిక ఆరోగ్య కేంద్రం బాగాయంలో ఉంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఫోన్, ఇంటర్నెట్, ఆటల సమస్యల కోసమే షట్ క్లినిక్ అనే ప్రత్యేక విభాగాన్ని 2014లో ప్రారంభించారు. ఇల్లు కదలలేనివారు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఇది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ. ఉచితం, రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్తే పిచ్చి అనుకుంటారేమో అనే సిగ్గు వద్దు. పంటి నొప్పికి పంటి డాక్టరు ఉన్నట్టే ఇది కూడా.

గుర్తుంచుకోండి

• ఆట గంట తీరికలోంచి రావాలి, నిద్రలోంచి కాదు.
• రాత్రి డ్యూటీ రోజు, మరునాడు తెల్లవారి బండి నడపవలసిన రోజు ఆట లేదు.
• పడుకునే ముందు ఒక గంట తెర వద్దు.
• మీ వేళకు సరిపోయే జట్టునే ఎంచుకోండి.
• ఇంట్లో వేళ ముందే చెప్పండి, చెప్పిన వేళకు లేవండి.
• మూడు గుర్తులు కనిపిస్తే సిగ్గుపడకుండా సాయం అడగండి.

ఈ రాత్రి ఆడటానికి కూర్చునేవారు ముందు రేపు ఉదయం ఎన్నింటికి లేవాలో లెక్క వేసుకోండి. దానికి ఎనిమిది గంటలు వెనక్కి వెళ్ళి, ఇంకో గంట తగ్గించండి. మీ ఆట ముగియవలసిన వేళ అదే. ఆ వేళకు మీ యోధుణ్ణి సత్రంలో పడుకోబెట్టి, మీరు కూడా హాయిగా పడుకోండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్